మన స్టేషన్ వచ్చిందా? రైల్లో ఏ సమాచారాన్ని ఎంతవరకు నమ్మాలి

రాత్రి మూడున్నర. విజయవాడ వైపు నుంచి వస్తున్న బండి, రాజమండ్రిలో దిగాలి. రైలు పెట్టెలో లైట్లు ఆర్పేశారు. ఫోన్‌లో ఒక యాప్ ఇంకా పావుగంట ఉందంటుంది. ఇంకో యాప్ కొవ్వూరు దాటేసిందంటుంది. తలుపు పైనున్న ఎర్ర అక్షరాల బోర్డు ఏలూరు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలు. చేతిలో రెండు సూట్‌కేసులు, పక్క బెర్తులో నిద్రపోతున్న పిల్ల.

ఈ మూడింట్లో ఏది మంచిదని అడిగితే సరైన జవాబు దొరకదు. ఒక్కోటీ ఎక్కడ చూసి చెబుతోందో తెలిస్తే, ఎప్పుడు దేన్ని నమ్మాలో దానంతటదే తేలుతుంది.

రైలు ఎక్కడుందో చెప్పే దార్లు నాలుగే. మొదటిది కంట్రోల్ ఆఫీసు. బండి స్టేషన్ దాటిన సమయం స్టేషన్ మాస్టరు నుంచి కంట్రోలర్‌కి, అక్కడి నుంచి కంప్యూటర్‌కి చేరుతుంది. ఇస్రో సాయంతో రైల్వే వాళ్ల సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ తయారుచేసిన ఆర్‌టీఐఎస్ పరికరం ఇంజన్‌లో ఉంటే, ఉపగ్రహం ద్వారా 30 సెకన్లకోసారి బండి ఉన్న చోటు నేరుగా అక్కడికే చేరుతుంది. రెండోది పెట్టెల్లోనే బిగించిన జీపీఎస్, దానికి కలిపిన బోర్డులు, స్పీకర్లు. మూడోది మీ ఫోన్: సెల్ టవర్ చూసో, జీపీఎస్ చూసో చెబుతుంది. నాలుగోది మనుషులు, మీ కళ్లు, చెవులు.

రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్, రైల్‌వన్ యాప్‌లు, 139 హెల్ప్‌లైను, చాలా స్టేషన్ల డిస్‌ప్లే బోర్డులు, ఇవన్నీ ఒకే బావి నీళ్లు. కంట్రోల్ ఆఫీసు లెక్క తప్పితే అన్నీ ఒకేలా తప్పుతాయి. మూడు యాప్‌లు ఒకే మాట చెప్పాయి కదా అని ధీమా పడటానికి లేదు, అది ఒకే మాటను మూడుసార్లు వినడమే. సరిచూసుకోవాలంటే వేర్వేరు బావుల నుంచి రెండు ఎంచుకోవాలి. ఈ పోలిక అంతా ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

ఎన్‌టీఈఎస్, రైల్‌వన్, 139

ఇవి ఇంటి దగ్గర ఉన్నవాళ్లకి, ఎక్కబోయేవాళ్లకి, స్టేషన్‌కి ఎదురెళ్లేవాళ్లకి అన్నిటికంటే బాగా పనికొస్తాయి. రైల్‌వన్ 2025 జూలై 1న వచ్చింది. రిజర్వేషన్, జనరల్ టికెట్, బండి ఎక్కడుందో చూడటం అన్నీ అందులోనే ఉన్నాయి. బండి జాడ ఒక్కటే చాలనుకుంటే ఎన్‌టీఈఎస్ తేలిక. అందులో 'లైవ్ స్టేషన్' అన్న భాగంలో రాబోయే కొన్ని గంటల్లో మీ స్టేషన్‌కి వచ్చే బండ్లన్నీ వరసగా కనిపిస్తాయి. బండి నంబరు గుర్తులేనప్పుడు అది చూడండి.

ఇందులో ఎక్కువమంది పొరబడేది తేదీ దగ్గర. 14వ తేదీ రాత్రి హైదరాబాద్‌లో బయలుదేరిన బండిని మీరు 15వ తేదీ తెల్లవారుజామున రాజమండ్రిలో ఎక్కుతారనుకోండి. మీ టికెట్ మీద 15 ఉంటుంది. కానీ ఆ బండి 14న బయలుదేరింది. 15న బయలుదేరేదాన్ని ఎంచుకుంటే 'ఇంకా బయలుదేరలేదు' అని వస్తుంది, మీరు కంగారుపడతారు. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, ముందు రోజు బండి ఆరు గంటలు లేటుగా నడుస్తుంటే అదే మీ బండి అనుకుని ఇంట్లోనే కూర్చుండిపోవడం. అర్ధరాత్రి దాటాక ఎక్కే ప్రతి ప్రయాణానికీ, ఏ తేదీన బయలుదేరిన బండి అన్నది ముందు సరిచూసుకోండి.

రెండో సంగతి లేటు లెక్క. దాటిపోయిన స్టేషన్ల ఎదురుగా ఉన్న సమయం నిజంగా జరిగినది. రాబోయే వాటి ఎదురుగా ఉన్నది అంచనా. టైంటేబుల్‌లో చివరి స్టేషన్లకు, పెద్ద జంక్షన్లకు ముందు కొంత అదనపు సమయం కలిపి పెడతారు. అందుకే ఖమ్మంలో 40 నిమిషాలు లేటున్న బండి విజయవాడలో 15 నిమిషాల లేటుతో చేరడం మామూలే. దిగేవాడు 'నలభై నిమిషాలు లేటు కదా' అని పడుకుంటే దెబ్బతింటాడు. ఎక్కేవాళ్లకి మాత్రం ఒక భరోసా ఉంది: ముందే వచ్చినా, బండి టైంటేబుల్ సమయం కంటే ముందు కదలదు.

మూడోది, చివరగా ఎప్పుడు నవీకరించారో చూడటం. దాటిన చివరి స్టేషన్, అక్కడి సమయం చూసి, అప్పటి నుంచి పావుగంట ఇరవై నిమిషాలుగా కొత్త కబురేమీ లేకపోతే ఆ అంచనాను పక్కన పెట్టండి. బండి ఏదో అవుటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఆగి ఉండొచ్చు, లేదా సమాచారమే రాకపోయి ఉండొచ్చు.

ప్లాట్‌ఫారం నంబరు విషయంలో యాప్ కంటే స్టేషన్ మైకే నయం. ఏ లైను ఖాళీగా ఉందో చూసి ఆఖరి నిమిషంలో మార్చేది స్టేషన్ వాళ్లే. వాళ్లు మార్చింది మైకులో ముందు వినిపిస్తుంది, యాప్‌లోకి ఆలస్యంగా ఎక్కుతుంది, ఒక్కోసారి ఎక్కదు. 'దయచేసి వినండి' అని మొదలయ్యే ప్రకటనలో పేరు కంటే నంబరు మీద చెవి పెట్టండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే ఒకటి, రెండు, ఏడు, రెండు, ఎనిమిది అని అంకెలు విడివిడిగా చదువుతారు. విశాఖపట్నం వైపు పోయే బండి గోదావరి ఒక్కటే కాదు. ఊరి పేరు విని పరుగెత్తితే పక్క బండి ఎక్కేస్తారు. నంబరు సున్నాతో మొదలైతే అది స్పెషల్. పేరు, ఊళ్లు మామూలు బండిలాగే ఉన్నా బండి వేరు.

139 స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకి. భాష ఎంచుకుని, విచారణ కోసం 2 నొక్కితే, బండి రాకపోకలు, పీఎన్ఆర్ వివరాలతో పాటు నిద్రలేపే కాల్, దిగే స్టేషన్ హెచ్చరిక కూడా ఆ మెనూలోనే దొరుకుతాయి. పీఎన్ఆర్ చేతిలో పెట్టుకుని చేయండి, ప్రయాణంలో మీ దగ్గరుండే ఫోన్ నుంచే చేయండి. మనిషితో మాట్లాడాలంటే స్టార్ గుర్తు నొక్కాలి. లోపం రెండు చోట్ల ఉంది: జనరల్ టికెట్‌కి పీఎన్ఆర్ ఉండదు, ఆ కాల్ వచ్చే వేళకి సిగ్నల్ లేకపోతే ఫోన్ మోగదు. కాబట్టి దీన్ని ఒంటరిగా నమ్ముకోకూడదు, రెండో తోడుగా బాగుంటుంది.

పెట్టెలోని బోర్డు, స్పీకరు

వందేభారత్‌లో ఎక్కితే ఇది సరిగ్గా పనిచేసినంత కాలం ఇంకేదీ అక్కర్లేదు. తెరలపై వచ్చే స్టేషన్, వేగం కనిపిస్తాయి, మైకులో వినిపిస్తుంది. పెట్టెలో ఉన్న జీపీఎస్ కాబట్టి లేటు, తొందర అన్నీ కలిపే చెబుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. 130 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి 10 కిలోమీటర్లు అంటే అయిదు నిమిషాల లోపే. ప్రకటన విన్నాక సామాను దించుకోవడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, కదిలే బండిలోంచి దిగే ప్రశ్నే లేదు. సాగనంపడానికి వచ్చినవాళ్లు లోపలికి ఎక్కవద్దన్న ప్రకటన లాంఛనం కాదు. సికింద్రాబాద్, విశాఖ మధ్య ఈ బండి 2023 జనవరి 15న మొదలైంది. ఆ కొత్తలోనే రాజమండ్రిలో ఫొటో కోసం ఎక్కిన ఒకాయన, తలుపులు పడిపోయి విజయవాడ దాకా వెళ్లాల్సి వచ్చింది. సామాను పెట్టి వచ్చేస్తానని ఎక్కే అన్నదమ్ములకు ఇది ముందే చెప్పి ఉంచండి.

మామూలు ఎక్స్‌ప్రెస్‌లలో సంగతి వేరు. చాలా స్లీపరు పెట్టెల్లో బోర్డే ఉండదు. బోర్డున్న ఏసీ పెట్టెల్లో కూడా అది చెప్పేది నిజమో కాదో ఎక్కగానే తేల్చుకోవాలి. ఇది తప్పడానికి కారణాలు కొన్నే. ఒకే రేక్ (పెట్టెల వరస) వేర్వేరు నంబర్లతో తిరుగుతుంది. కొత్త ప్రయాణానికి నంబరు మార్చకపోతే నిన్నటి బండి స్టేషన్లే చూపిస్తూ పోతుంది. దారి మళ్లిస్తే బోర్డులో ఉన్న స్టేషన్ల జాబితాకీ బయటి స్టేషన్లకీ పొంతన ఉండదు. సొరంగాల్లో, కొండను లోతుగా తవ్వి వేసిన దారుల్లో ఉపగ్రహం అందక ఒక స్టేషన్ దగ్గరే ఆగిపోతుంది.

పరీక్ష ఒక్క నిమిషం పని. ఎక్కగానే బోర్డు మీద బండి నంబరు మీ టికెట్ నంబరుతో సరిపోయిందా చూడండి. మొదటి రెండు స్టేషన్లు దాటేటప్పుడు కిటికీలోంచి పసుపు బోర్డు మీద పేరు చదివి, లోపలి బోర్డుతో పోల్చండి. రెండూ కలిస్తే ఆ రాత్రికి దాన్ని ఒక సాక్షిగా లెక్కేసుకోవచ్చు. ఒక్కటి తప్పినా దాని వైపు మళ్లీ చూడకండి. సగం సరిగా పనిచేసే బోర్డు అసలు లేని బోర్డు కంటే చెడ్డది. లేకపోతే జాగ్రత్తపడతాం, ఉంటే నమ్మి పడుకుంటాం.

హైదరాబాద్ మెట్రోలో ఈ బెడద లేదు. తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లో వచ్చే స్టేషన్, తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయో చెబుతారు. అమీర్‌పేటలో, ఎంజీబీఎస్‌లో, పరేడ్ గ్రౌండ్‌లో లైను మారాలన్న మాట కూడా అక్కడే వినిపిస్తుంది. రైల్వే బండ్లలో ప్లాట్‌ఫారం ఏ వైపు వస్తుందో చెప్పేవాళ్లు అరుదు. అందుకే సామాను ఒక తలుపుకి ఆనించి పెట్టకుండా రెండింటి మధ్య నడవాలో ఉంచుకోవాలి.

మీ ఫోన్

'వేర్ ఈజ్ మై ట్రైన్' మన దగ్గర ఇంతగా పాకిపోవడానికి కారణం అది ఇంటర్నెట్ లేకపోయినా సెల్ టవర్‌ను బట్టి బండి ఎక్కడుందో చెప్పడమే. బెంగళూరులోని సిగ్‌మాయిడ్ ల్యాబ్స్ తయారుచేసింది, 2018 డిసెంబరులో గూగుల్ కొనుక్కుంది. తెలుగులో వాడుకోవచ్చు, స్టేషన్ అలారం పెట్టుకోవచ్చు. రైల్లో ఉన్న మనిషికి, కంట్రోల్ ఆఫీసుతో పనిలేని రెండో సాక్షి ఇదే.

సరిగ్గా పనిచేయాలంటే కొన్ని ముందే చేయాలి. ఇంట్లో నెట్ ఉండగానే యాప్ తెరిచి మీ బండిని ఒకసారి వెతకండి, వివరాలు ఫోన్‌లో ఉండిపోతాయి. లొకేషన్ అనుమతి ఇవ్వండి. బండిలో ఉన్నారా అని అడిగితే ఉన్నామనే చెప్పండి, లేకపోతే అది మీ ఫోన్‌ను వదిలేసి నెట్‌లోంచి వచ్చే కబురు చూపిస్తుంది, అంటే మళ్లీ మొదటి బావికే పోతుంది. ఫ్లైట్ మోడ్ పెడితే టవర్ చూడటం కుదరదు. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే యాప్‌ను ఫోనే నిద్రపుచ్చేస్తుంది. అలారం మోగలేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ శాతం ఇక్కడివే అయి ఉంటాయి. ఈ యాప్‌ని ఆ పొదుపు నుంచి మినహాయించండి. సైలెంట్, డిస్టర్బ్ చేయొద్దు అన్నవి తీసేసి, అలారం శబ్దం ఒక్కసారి మోగించి చూసుకోండి.

జీపీఎస్‌తో చూసే మ్యాప్‌లు, దూరం బట్టి మోగే అలారంలు ఇంకా కచ్చితం. కాకపోతే ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం పెట్టె స్టీలు డబ్బా, ఏసీ కిటికీకి రంగు అద్దం. పై బెర్తులో తలగడ కింద పెట్టిన ఫోన్‌కి ఉపగ్రహం అందడం కష్టం. కింది బెర్తులో కిటికీ పక్కన ఉంటే బాగా దొరుకుతుంది. జీపీఎస్ బ్యాటరీని కూడా తాగేస్తుంది. రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపేసే పద్ధతి కొన్ని రైళ్లలో ఉంది కాబట్టి, పడుకునే ముందే నిండా ఎక్కించుకోండి.

అలారం ఎంత ముందు మోగాలి? సమయం కంటే దూరం, దూరం కంటే మీ స్టేషన్‌కి ముందొచ్చే స్టేషన్ పేరు ఎక్కువ అక్కరకొస్తాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 20 కిలోమీటర్లు అంటే పావుగంట. లేచి, చెప్పులు వెతుక్కుని, బెర్తు కింద గొలుసు తాళం తీసి, తలుపు దాకా రావడానికి అది సరిపోతుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే 30 కిలోమీటర్లు పెట్టుకోండి. రాజమండ్రికి విజయవాడ వైపు నుంచి వస్తుంటే నిడదవోలు, విశాఖపట్నానికి అనకాపల్లి, హైదరాబాద్ వైపు నుంచి విజయవాడకి కొండపల్లి, కాజీపేట వైపు నుంచి సికింద్రాబాద్‌కి భువనగిరి. వీటిలో కొండపల్లి ఒక్కటే కాస్త దగ్గర, కానీ విజయవాడ అవుటర్‌లో బండ్లు తరచూ ఆగుతాయి కాబట్టి చాలు. అవుటర్‌లో ఆగినప్పుడు చీకట్లో పట్టాల మీదకి దిగిపోకండి. పక్క లైన్లో బండి వస్తోందని చెప్పే ప్రకటన ఏదీ అక్కడ ఉండదు.

టవర్ దొరకని చోట్లు కూడా ముందే తెలిసి ఉండాలి. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల దాటేటప్పుడు, విశాఖ నుంచి అరకు ఎక్కే ఘాట్‌లో సొరంగాల వరసలో, ఫోనూ ఆగుతుంది, పెట్టెలోని జీపీఎస్సూ తడబడుతుంది. అక్కడ మిగిలేవి టైంటేబుల్, కళ్లు.

మనుషులు, కళ్లు, చెవులు

ఏసీ పెట్టెలో అటెండెంటుకు పడుకునే ముందే చెప్పండి: "అన్నా, బి2లో 34, రాజమండ్రి, మూడున్నరకి." బెర్తు నంబరు, ఊరు, సమయం, మూడూ ఉండాలి. "రాజమండ్రి వస్తే లేపు" అని మాత్రమే అంటే అతనికి ఎవరిని లేపాలో గుర్తుండదు. తెలుగు రాని కుర్రాడైతే ఒక చీటీ రాసివ్వండి. స్లీపర్లో అటెండెంటు ఉండడు. అక్కడ అదే ఊళ్లో దిగేవాళ్లెవరో టీసీ టికెట్లు చూసేటప్పుడే వింటే తెలిసిపోతుంది. ఆ ఇద్దరూ ఒకరికొకరు అలారం.

దారి ఎరిగినవాళ్లకి చెవి చాలు. కొవ్వూరు దాటగానే బండి గోదావరి వంతెన ఎక్కుతుంది. చక్రాల చప్పుడు మారిపోతుంది, ఏసీలో కిటికీ మూసి ఉన్నా కిందినుంచి ఆ బోలు మోత తెలుస్తుంది. తలుపు దగ్గర నాణెం వేసేవాళ్ల అలికిడి. వంతెన దిగితే గోదావరి స్టేషన్, ఆ వెంటనే రాజమండ్రి. వంతెన మీద ఉండగా నిద్రలేచినా దిగగలరు, సామాను కట్టి ఉంటే. చెన్నై వైపు నుంచి విజయవాడకి వచ్చేవాళ్లకి కృష్ణా వంతెన అలాంటిదే.

పసుపు బోర్డు అబద్ధమాడదు, కానీ ఒక్క ఊరి పేరు చూసి దిగేయకండి. కాజీపేట, వరంగల్ మధ్య పది కిలోమీటర్లే. రేణిగుంట, తిరుపతి అంతే. కాకినాడ టౌన్ వేరు, పోర్టు వేరు. హైదరాబాద్ అంటే నాంపల్లి. సికింద్రాబాద్, కాచిగూడ, చర్లపల్లి, లింగంపల్లి వేర్వేరు. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలయ్యాక కొన్ని బండ్లు అక్కడే ఆగిపోతున్నాయి. టికెట్ మీదున్న స్టేషన్ పేరు పూర్తిగా చదువుకోండి.

పెట్టె ఎక్కడ ఆగుతుంది

దీన్ని చాలామంది పట్టించుకోరు, కానీ బండి తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు సుమారు 24 మీటర్లు. 22 పెట్టెల బండి అంటే అర కిలోమీటరు దాటుతుంది. పొరపాటున ఆ చివర నిలబడితే, సామానుతో జనంలోంచి ఈ చివరికి రావడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. బండి ఆగేది రెండు నిమిషాలు. అందుకే ఎన్‌టీఈఎస్‌లో పెట్టెల వరస చూసుకుని, ప్లాట్‌ఫారం మీద తలపైన వెలిగే పెట్టె నంబర్ల బోర్డుతో సరిపోల్చండి. రెండూ వేరైతే, బండి వచ్చే ముందు వెలిగే ప్లాట్‌ఫారం బోర్డునే పట్టుకోండి. వరస తిరగబడే చోటు ఒకటుంది: షాలిమార్, చెన్నై మధ్య తిరిగే కోరమాండల్ లాంటి బండ్లకి విశాఖలో ఇంజన్ అటు చివర నుంచి ఇటు చివరకి మారుతుంది. విశాఖ వచ్చేదాకా ముందున్న పెట్టె ఆ తరవాత వెనకదవుతుంది. సమయం లేకపోతే ఎదురొచ్చిన పెట్టె ఎక్కేసి లోపల నడవండి. మధ్యలో దారి మూసేసే పెట్టెలుంటే తరవాతి స్టేషన్లో దిగి మారండి.

ఎవరు ఏది ఎంచుకోవాలి

రాత్రి ఎక్స్‌ప్రెస్‌లో చిన్న స్టేషన్లో దిగేవాళ్లకి టవర్‌తో పనిచేసే యాప్ అలారం ముఖ్యం, 139 కాల్ తోడు. వందేభారత్‌కి లోపలి తెర చాలు, పది నిమిషాల ముందు లేచి నిలబడితే. మెమూ, ప్యాసింజర్లలో ఫోను, పసుపు బోర్డు. స్టేషన్‌కి ఎదురెళ్లేవాళ్లకి ఎన్‌టీఈఎస్, స్టేషన్ చేరాక మైకు.

ఒంటరిగా ప్రయాణించే అమ్మానాన్నలకి యాప్‌లు నేర్పే కంటే, ఇంట్లోవాళ్లే ఎన్‌టీఈఎస్ చూస్తూ అరగంట ముందు ఫోన్ చేయడం మేలు. కానీ సిగ్నల్ లేకపోవచ్చు కాబట్టి జేబులో ఒక చీటీ పెట్టండి: బండి నంబరు, పెట్టె, బెర్తు, దిగే ఊరు, దాని ముందు ఆగే ఊరు, సమయం, రెండు ఫోన్ నంబర్లు. 'దాని ముందు ఆగే ఊరు' అన్న గడి తప్పక ఉండాలి. అది రాగానే లేచి కూర్చోమని చెప్పండి.

చూపు లేనివాళ్లకి తెరలు పనికిరావు, వినిపించే ప్రకటన లేని పెట్టెలో అటెండెంటు, 139, ఫోన్ చదివి వినిపించే సదుపాయం మూడూ కావాలి. బెర్తు నంబరు బ్రెయిలీలో ఉన్న పెట్టెల్లో తమ చోటు తామే వెతుక్కోవచ్చు. వినపడనివాళ్లకి అలారం వణుకు మీద పెట్టి, ఫోన్‌ను చొక్కా జేబులో ఉంచుకోవడం తలగడ కింద పెట్టడం కంటే నయం. స్పీకరు ఒక్కటే పెట్టి తెర పెట్టకపోయినా, తెర పెట్టి స్పీకరు ఆపేసినా, ఎవరో ఒకరు చీకట్లో ఉండిపోతారు. పెట్టెలో ఏది పనిచేయకపోయినా బండి నంబరు, పెట్టె నంబరు చెప్పి 139కో, రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌కో ఫిర్యాదు పెట్టండి. నిమిషం పని.

స్టేషన్ దాటిపోయిందని తెలిస్తే చైన్ లాగకండి. సరైన కారణం లేకుండా లాగడం రైల్వే చట్టం 141వ సెక్షన్ కింద నేరం. చైన్ లాగి ఆగిన చోట ప్లాట్‌ఫారం కూడా ఉండదు. వెంటనే టీసీని వెతికి చెప్పండి, అదనపు దూరానికి ఆయన రసీదు రాస్తారు. తరవాత ఆగే స్టేషన్లో దిగి, 'లైవ్ స్టేషన్'లో వెనక్కి వెళ్లే బండి ఏదుందో చూసి, దానికి టికెట్ తీసుకోండి. ఎదురు చూస్తున్నవాళ్లకి మాత్రం ముందు ఫోన్ చేయండి.